పుస్తకం బల్ల అయిన కథ

కిందటి సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు (ఇప్పుడు కుర్రాడనకూడదు, పెద్ద ఉద్యోగస్తుడు) కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు చూడమని తీసుకెళ్ళాడు. ముందుగదిలో సోఫా పక్కన స్టూలు లాంటిది ఉంది. దాని మీద కాఫీ గ్లాసు పెట్టబోతూ ఆగిపోయాను. అది పుస్తకాల దొంతర. పాతిక ముప్పై పాత పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, జిగురు పోసి, నడుమ ఇనపచువ్వ దింపి, పైన గాజుపలక బిగించారు. "ఇంటీరియర్ వాళ్ళు చేసిచ్చారు మాస్టారూ. మీకు పుస్తకాలంటే ఇష్టం కదా, అందుకే ఇక్కడ కూచోబెట్టాను" అన్నాడు. వాడి మొహంలో నన్ను సంతోషపెట్టాలన్న కోరిక తప్ప ఇంకేమీ లేదు.

దొంతరలో ఎక్కువ భాగం ఇంగ్లీషు నవలలూ, పాత లా రిపోర్టులూ. పైనుంచి నాలుగోది మాత్రం తెలుగు పుస్తకం. కాయితాల అంచు మీద ఊదారంగు సిరాతో కోడిగుడ్డు ఆకారంలో ఒక పల్లెటూరి గ్రంథాలయం ముద్ర. వీపు మీద తెల్లకాయితం ముక్క, దాని మీద చేతిరాతతో నంబరు. తెరిచి చూద్దామని వేలు పెట్టాను. తెరుచుకోలేదు. జిగురు లోపలిదాకా ఇంకిపోయింది.

నాకు కలిగింది కోపమే. అయితే ఆ కోపాన్ని విడదీసి చూసుకుంటే అందులో సగం విమర్శకుడిది కాదు, సరస్వతీపూజ చేసే ఇంట్లో పుట్టినవాడిది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని చిన్నప్పుడే నేర్పారు. దసరాల్లో పుస్తకాలు పూజలో పెట్టి, ఆ పూట చదవకూడదని కూడా నేర్పారు. ఆ సెలవు మాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. అవే ఇళ్ళల్లో ఏడాది తిరిగేసరికి పాత పుస్తకాలు పాతపేపర్లవాడి కాటాకెక్కేవి. అక్కణ్ణుంచి కిరాణా కొట్టుకి, అక్కణ్ణుంచి పావుకిలో శనగపప్పు చుట్టుకుని మళ్ళీ ఇంటికి. నిజం చెప్పాలంటే ఆ పొట్లం కాయితాలే నేను కొంత చదివాను. పూజలో పెట్టినవి చదవలేదు. అంచేత, పుస్తకాన్ని దేవుణ్ణి చేసిన సంస్కారం అడ్డుపెట్టుకుని పుస్తకాన్ని బల్ల చేసిన సంస్కారాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. రెండింటిలోనూ పుస్తకం మూసే ఉంటుంది.

ఇది నిన్నామొన్నటి ఫ్యాషననీ, అమెరికా నుంచి దిగుమతి అయిందనీ కొందరంటారు. కాదు. పుస్తకం ఎప్పుడు ఆస్తి అయిందో అప్పుడే అలంకారమూ అయింది. రెండువేల యేళ్ళనాడు రోము నగరంలో, పుస్తకాలింకా పపైరస్ చుట్టలుగా ఉన్న రోజుల్లోనే, ధనికులు వాటిని భోజనశాలకి శోభగా పెట్టుకునేవారు. మనశ్శాంతి గురించి రాసిన గ్రంథంలో సెనెకా వాళ్ళని దులిపేశాడు. ఖరీదైన కర్రతోనూ, ఏనుగుదంతంతోనూ అరలు చేయించుకుని, వేల పుస్తకాల మధ్య కూచుని ఆవలించేవాళ్ళున్నారనీ, వాళ్ళకి నచ్చేది పుస్తకాల పైముఖాలూ పేర్లూ మాత్రమేననీ, స్నానాల గదుల్లాగే గ్రంథాలయం కూడా గొప్పింటికి తప్పనిసరి హంగు అయిపోయిందనీ అతని ఫిర్యాదు. సెనెకా తనే మహా ధనవంతుడు, నీరో చక్రవర్తికి సలహాదారు. కాబట్టి ఆ భోజనశాలలు అతను బయటినుంచి చూసినవి కావు. మరో వందేళ్ళకి లూషియన్ చదువురాని పుస్తక సేకర్త మీద ఒక వ్యంగ్యరచనే చేశాడు. చక్కని ప్రతులు కొంటే పండితుడనిపించుకోవచ్చు ననుకునే ఒక డబ్బున్నవాడు అందులో బలి.

ఆ చుట్టలు నకలు తీసిన చేతుల్లో చాలా భాగం బానిసల చేతులని గుర్తుపెట్టుకుంటే, భోజనశాల శోభ ఎవరి కంటిచూపుతో కొన్నదో అర్థమౌతుంది. సెనెకా ఆ మాట అనలేదు. అనడు కూడా.

పుస్తకం వీపు మనకేసి తిరిగి నిలబడటమనేది చూడ్డానికి చిన్న విషయం. కాని అలంకారం చరిత్రలో అదొక మలుపు. ఐరోపా మధ్యయుగంలో పుస్తకం చాలా ఖరీదైన వస్తువు. దొంగతనం జరక్కుండా గొలుసులు వేసేవారు. ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ చర్చిలో ఆ గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. అక్కడ పుస్తకాల వీపులు గోడవైపూ, కాయితాల అంచులు మనవైపూ ఉంటాయి. గొలుసు అట్ట అంచుకి తగిలించారు కనక పుస్తకం అలా నిలబడాల్సిందే. అచ్చుయంత్రం వచ్చి పుస్తకాలు పెరిగి, గొలుసులు ఊడిపోయాక, అవి ఇటు తిరిగాయి. వీపు మీద పేరు ఎక్కింది, పేరు చుట్టూ బంగారు పువ్వులెక్కాయి. ముట్టుకోకుండానే పేరు చదవొచ్చు, ఇంటికొచ్చినవాడు కూడా చదవొచ్చు. బైండింగువాడి పనితనం అంతకుముందు పుస్తకాన్ని కాపాడటానికి. ఆ తర్వాత పుస్తకాన్ని చూపించటానికి కూడా.

పదిహేడో శతాబ్దపు లండనులో సామ్యూల్ పెపిస్ నౌకాశాఖలో పెద్ద అధికారి. దినచర్య రాసినవాడుగా ఇప్పుడు ప్రసిద్ధి. అతను మూడువేల పుస్తకాలు పోగుచేసి, వడ్రంగిచేత అద్దాల బీరువాలు చేయించాడు. పుస్తకాలు పొడుగు ప్రకారం అమర్చాడు. పొట్టి పుస్తకాల తలలు పొడుగువాటితో సమంగా రావడం కోసం వాటి కింద చిన్న చిన్న కర్రదిమ్మలు పెట్టించాడు. ఆ పన్నెండు బీరువాలూ, ఆ దిమ్మలతో సహా, కేంబ్రిడ్జి మాడ్లిన్ కాలేజీలో అలాగే ఉన్నాయి. పెపిస్ చదవనివాడేం కాదు, చాలా చదివినవాడు. అయినా బీరువా అతనిచేత ఆ దిమ్మలు చెక్కించింది. ఈ దిమ్మల గురించి చదివినప్పుడల్లా నాకు కార్ల్ మార్క్స్ అరలు గుర్తొస్తాయి. అల్లుడు పాల్ లఫార్గ్ 1890లో రాసిన జ్ఞాపకాల్లో వాటి వర్ణన ఉంది. పెద్ద సైజు పుస్తకం పక్కన చిన్న సైజుదీ, దాని పక్కన కరపత్రమూ; వరస పొడుగునిబట్టి కాదు, విషయాన్నిబట్టి. పేజీల మూలలు మడిచేవాడట, మార్జిన్లలో పెన్సిలుతో గీతలు గీసేవాడట. పుస్తకాలు తన చేతికింద పనిచెయ్యాల్సినవే తప్ప తను గౌరవించి దూరంగా నిలబడాల్సినవి కావని అతని లెక్క. ఏ ఇంటీరియర్ వాడూ ఆ అరల్ని ఫోటో తియ్యడు.

అసలు పుస్తకం లేకుండానే పుస్తకాల శోభ రాబట్టే విద్య కూడా ఇంగ్లండు దొరల ఇళ్ళల్లోనే పండింది. గ్రంథాలయం గోడలో తలుపుంటే ఆ తలుపు కనపడకుండా దాని మీద ఉత్త వీపులు అంటించేవారు. చాట్స్‌వర్త్ భవనంలో అలాంటి తలుపుకి పేర్లు సమకూర్చింది థామస్ హుడ్ అనే హాస్యకవి, అన్నీ శ్లేషలే. డికెన్స్ 1851లో కొత్త ఇంటికి మారినప్పుడు తన చదువుగదికి ఇలాంటి ఉత్త వీపులు పురమాయించాడు. పేర్లు మాత్రం తనే పెట్టాడు. కోర్టు వ్యాజ్యాలు తరాల తరబడి నడుస్తున్న దేశంలో 'ఒక పొట్టి వ్యాజ్యం చరిత్ర' ఇరవయ్యొక్క సంపుటాలు. పిల్లి జీవితాలు తొమ్మిది సంపుటాలు, ఇంగ్లీషువాళ్ళ లెక్కలో పిల్లికి తొమ్మిది ప్రాణాలు కనక. అన్నిటికన్నా నాకు నచ్చింది 'మన పూర్వుల విజ్ఞానం'. దాని సంపుటాల పేర్లు అజ్ఞానం, మూఢనమ్మకం, తలనరికే మొద్దు, కాల్చే కొయ్య, చిత్రహింస బల్ల, మురికి, రోగం. మన దేశంలో ప్రతి ఆవిష్కరణా మన పూర్వులే చేశారని సభల్లో చెప్పేవాళ్ళకి ఒక సెట్టు చేయించి ఇవ్వాలనిపిస్తుంది. అలంకారాన్ని అలంకారంతోనే వెక్కిరించిన ఇలాంటి సందర్భాలు చరిత్రలో తక్కువ.

వీపులు అంటించుకున్నవాళ్ళ వల్ల పుస్తకానికి నష్టం లేదు. నష్టం చేసినవాళ్ళు వేరే ఉన్నారు. 1536 మొదలు 1540 దాకా ఎనిమిదో హెన్రీ ఇంగ్లండులో మఠాలు రద్దుచేసి ఆస్తులు అమ్మినప్పుడు వాటి గ్రంథాలయాలు కూడా కొన్నవాళ్ళ పాలయ్యాయి. వాటి గతేమిటో జాన్ బేల్ 1549లో రాశాడు. దీపస్తంభాలు తోముకోటానికి కొన్ని, జోళ్ళు తుడుచుకోటానికి కొన్ని, మరుగుదొడ్డికి కొన్ని. మిగతావి కిరాణావాళ్ళకీ సబ్బులవాళ్ళకీ. ఇంకా మిగిలినవి ఓడలకెత్తి పరదేశపు బైండింగువాళ్ళకి పంపారట. బేల్ సంస్కరణవాది, మఠాలకి బద్ధశత్రువు. మఠం పోయినందుకు అతనికి విచారం లేదు, పుస్తకం పోయినందుకే. ఈ తేడా మనవాళ్ళు గమనించాలి. ఒక వ్యవస్థ కూలాల్సిందే అనేవాడు దాని అటక మీది పుస్తకాలు కూడా పోవాలని అనక్కర్లేదు. పాత తోలుకాయితం గట్టిది కనక బైండింగువాళ్ళు దాన్ని ముక్కలుచేసి కొత్త పుస్తకాల వీపుల్లో అతికించారు. ఇవాళ పరిశోధకులు ఆ ముక్కల్ని వెతికి చదువుతున్నారు. మన పొట్లాల్లో చదివిన చదువూ ఇలాంటిదే.

పత్తొమ్మిదో శతాబ్దంలో కత్తెర పండితుల చేతికే వచ్చింది. కళావిమర్శకుడు జాన్ రస్కిన్, పనివాళ్ళకి చదువు చెప్పినవాడు, యంత్రనాగరికతని ఎండగట్టినవాడు, మధ్యయుగపు చిత్రలిఖిత ప్రార్థనగ్రంథాన్ని సాయంత్రమంతా కూచుని ముక్కలు చేశాననీ, పని శ్రమగా ఉందనీ 1854లో తన డైరీలో రాసుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో క్లీవ్‌లాండ్ చిత్రకళాశాల అధ్యాపకుడు ఆటో ఎగే దీన్ని వ్యాపారం చేశాడు. పాత చేతిరాత గ్రంథాలు కొని, విప్పి, ఒక్కో ఆకూ అట్టకి బిగించి అమ్మాడు. నలభై పెట్టెలు, ఒక్కో పెట్టెలో యాభై గ్రంథాల నుంచి యాభై ఆకులు. 1938లో తను పుస్తకాలు చీల్చేవాణ్ణని ఒప్పుకుంటూ వ్యాసం కూడా రాశాడు. అతని సమర్థన తోసెయ్యదగ్గది కాదు. ఒక పూర్తి గ్రంథం కోటీశ్వరుడు తప్ప కొనలేడు. ఒక ఆకు ఒక బడిపంతులు కూడా కొనగలడు. నేనూ బడిపంతుల్నే కనక ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాను. అది ప్రజాస్వామ్యమే అయితే, ఒక పాటని పదిముక్కలు చేసి పదిమందికి పంచడమూ ప్రజాస్వామ్యమే. కొన్నవాడికి దక్కేది గోడమీద ఫ్రేము. ఒక పుస్తకం వందమంది చదవడం ఒకటి, ఒక పుస్తకం వందమంది పంచుకోవడం ఇంకొకటి. మొదటిదాంట్లో పుస్తకం పెరుగుతుంది.

అమెరికాలోనే 1909లో హార్వర్డు మాజీ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ అయిదడుగుల అరలో పట్టే పుస్తకాలు చాలు, రోజూ కాసేపు చదివితే కాలేజీ మెట్లెక్కనివాడికి కూడా ఉదారవిద్య అబ్బుతుందన్నాడు. యాభై సంపుటాలు అచ్చయ్యాయి. ఉద్దేశం మంచిదే, కొనుక్కున్న గుమాస్తాల్లో చదివినవాళ్ళూ ఉంటారు. కాని చదువుని అడుగుల్లో కొలవడం అక్కడ మొదలైంది. 1925లో వచ్చిన ఫిట్జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ'లో ఒక తాగుబోతు అతిథి ధనికుడి గ్రంథాలయంలో దూరి, పుస్తకాలు అట్టముక్కలు కావు, నిజమైనవేనని చూసి నివ్వెరపోతాడు. పేజీలు మాత్రం కొయ్యనే లేదు. అప్పట్లో చాలా పుస్తకాల పేజీలు అంచులు అంటుకునే వచ్చేవి, చదివేవాడు కోసుకోవాలి. గాట్స్‌బీ ఎంతవరకు డబ్బు పెట్టాలో అంతవరకే పెట్టాడు. మన మధ్యతరగతి ఇళ్ళలో అద్దాల బీరువాలో బ్రిటానికా సంపుటాలు చాలాకాలం ఇదే ఉద్యోగం చేశాయి. 2010 ముద్రణ ముప్పై రెండు సంపుటాలు. అదే ఆఖరిదని 2012లో కంపెనీ ప్రకటించింది.

తర్వాతి అడుగు అడుగుల బేరమే. న్యూయార్కులో స్ట్రాండ్ అనే ప్రసిద్ధ పాత పుస్తకాల షాపు 1980ల నుంచి పుస్తకాలు అడుగుల లెక్కన కూడా అమ్ముతోంది. తోలు బైండు ఇన్నడుగులు, నీలంరంగు ఇన్నడుగులు. హోటళ్ళూ సినిమాలవాళ్ళూ కొంటారు. 2020లో కరోనా వచ్చి పెద్దవాళ్ళంతా ఇళ్ళనుంచి టీవీల్లో మాట్లాడాల్సొచ్చినప్పుడు, మాట్లాడేవాడి వెనక అర అతని మాటకి హామీసంతకం అయిపోయింది. ఇలా అమ్మేవాళ్ళు చెప్పే సమాధానం ఒకటుంది: మేం కొనకపోతే ఇవి గుజ్జుకే పోతాయి. అది అబద్ధం కాదు. ఇంగ్లండులో 2003లో ఎం6 టోల్ రహదారి వేసినప్పుడు ఇరవయ్యైదు లక్షల మిల్స్ అండ్ బూన్ నవలలు గుజ్జుచేసి తారులో కలిపారు, రోడ్డు పొరలు విడిపోకుండా పట్టి ఉంచడానికి. ఆ నవలల కోసం నేను కన్నీళ్ళు పెట్టను. పాత గైడ్లకోసం, కాలం చెల్లిన టెలిఫోను డైరెక్టరీలకోసం కూడా పెట్టను. ప్రతి అచ్చుకాయితమూ పవిత్రమే అంటే మళ్ళీ పూజలోకే పోతాం. ఇరవయ్యైదు లక్షల ప్రతులు రోడ్డుకిందకి పోగలిగేటంతగా ఎందుకు అచ్చువేశారన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు స్టూలు దగ్గరికొద్దాం. దానికి ఉపయోగపు విలువ లేదనలేం. కాఫీ గ్లాసు నిలబడింది. బరువూ మందమూ ఉన్నాయి కనక పుస్తకం స్టూలు కాగలిగింది. అవి ఇటుకకీ ఉన్నాయి. కాని ఇటుకల స్టూలు మా కుర్రాడు ముందుగదిలో పెట్టడు, నన్ను పిలిచి చూపించడు. అంటే అతను డబ్బిచ్చింది బరువుకి కాదు. పుస్తకం చుట్టూ ఉన్న గౌరవానికి. ఆ గౌరవం ఎవరు సంపాదించిపెట్టారు? రాసినవాళ్ళూ, నకలు తీసినవాళ్ళూ, కంపోజిటర్లూ, దీపం బుడ్డి దగ్గర చదివినవాళ్ళూ. దున్నినవాడొకడు, పంట ఇంటికి చేర్చుకున్నవాడొకడు అన్న పాత కథే ఇక్కడా.

మన తెలుగుదేశంలో ఆ గౌరవం ఎలా సంపాదించారో కొంచెం చెప్పుకోవాలి. తాటాకు గ్రంథం అలంకారానికి పనికిరాదు. గంటంతో గీకి, మసి పూసి, రంధ్రంలో తాడు గుచ్చి, రెండు చెక్కల మధ్య బిగించి, గుడ్డలో చుట్టిన కట్టకి చూపించుకునే వీపు లేదు. అందుకని అది అటకెక్కింది. అటక మీద చెదలు చదివాయి. కట్ట శిథిలమైతే నదిలో కలిపేవారు, సద్గతి అనుకుని. 1820ల్లో సి.పి. బ్రౌన్ ఈ కట్టలకోసం ఊళ్ళు గాలించి, కడపలో తన బంగళాలో పండితుల్ని జీతానికి పెట్టి, నకళ్ళు తీయించి, పాఠాలు సరిచూపించకపోతే వేమన పద్యాలు ఇన్ని మన చేతికి వచ్చేవి కావు. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి, పాలకవర్గం మనిషి. అది చెప్పాల్సిందే, ఇదీ చెప్పాల్సిందే. ఆయన కట్టలు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారం చేరాయి. ఆయన బంగళా ఉన్నచోట కడపలో ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

తర్వాత వచ్చింది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, నిజాము రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక చోటుండాలని. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కొల్లిపర ప్రాంతంలో కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలవ మీద పోయే ప్రయాణికుడు పుస్తకం తీసుకుని చదువుకుంటూ పోవడం! పుస్తకానికి అంతకన్నా మంచి ఫర్నిచరు నేనెక్కడా చూళ్ళేదు. ఆ ఉద్యమం ఫలితమే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. పూరింటివాడు కూడా కట్టాడు. వసూలు చేసిన పంచాయితీలూ మునిసిపాలిటీలూ ఆ పైసలు గ్రంథాలయ సంస్థలకి చేర్చకుండా బకాయిపడటం వేరే కథ. అది రాస్తే ఈ వ్యాసం చాలదు.

నేను మొదట ఉద్యోగంలో చేరిన బళ్ళో కూడా ఒక బీరువా ఉండేది. తాళం హెడ్‌మాస్టారి దగ్గర. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు తెరిచి దుమ్ము దులిపి, మళ్ళీ వేసేవాళ్ళం. పుస్తకం పోతే జీతంలో కోస్తారని భయం. రెండేళ్ళు నేనూ దులిపాను. మా కుర్రాడు చదివిన బడి అదే. పుస్తకమంటే అద్దం వెనక ఉండే వస్తువని వాడికి ఎవరు నేర్పారో వెతకడానికి నేను ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

పనికిరావని పారేసిన పుస్తకాలతో ఇంకోరకంగా కూడా పనిచెయ్యొచ్చు. టర్కీ రాజధాని అంకారాలో మునిసిపల్ చెత్త కార్మికులు చెత్తలో దొరికిన పుస్తకాలు దాచి, పాతబడిన ఇటుకల ఫ్యాక్టరీ భవనంలో గ్రంథాలయం పెట్టుకున్నారు. 2017లో ఊరందరికీ తెరిచారు. కొలంబియాలో బొగోటా నగరపు చెత్త లారీ డ్రైవరు హోసే అల్బెర్తో గుతియెర్రెస్‌కి చెత్తలో మొదట దొరికింది టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా'. ఆ తర్వాత ఆయన ఇల్లు పేటపిల్లల గ్రంథాలయం అయింది. చదువు మధ్యలో ఆగిపోయినవాడు ఆయన. ప్రాగ్‌లో నగర గ్రంథాలయం గుమ్మంలోనే ఎనిమిదివేల పుస్తకాలతో మతెయ్ క్రెన్ కట్టిన గుండ్రటి గోపురం ఉంది. లోపల అద్దాలు పెట్టి అనంతమైన బావిలా కనిపించేట్టు చేశాడు. చూసినవాళ్ళు గొప్పగా చెబుతారు. నాకు మాత్రం, 1983లో అర్జెంటీనాలో సైనిక నియంతృత్వం కూలిన రోజుల్లో మార్తా మినుహిన్ బువెనోస్ ఐరెస్ నడివీధిలో కట్టిన కట్టడం గొప్పదనిపిస్తుంది. గ్రీకు పార్థినాన్ ఆలయం ఆకారంలో ఇనపచట్రం, దాని నిండా నియంతలు నిషేధించిన పుస్తకాలు. అదీ అలంకారమే. కాని ప్రదర్శన అయిపోయాక ఆ గుడిని పడగొట్టి పుస్తకాలు జనానికిచ్చేశారు. జిగురు పొయ్యలేదు.

కాఫీ తాగేసి గ్లాసు నేల మీదే పెట్టాను. "ఏమన్నా తప్పు చేశానా మాస్టారూ?" అన్నాడు మా వాడు. తప్పు నీది కాదురా అందామనుకున్నాను గాని, అదీ పూర్తి నిజం కాదు. ఆ తెలుగు పుస్తకం పేరేమిటో చూశావా అని అడిగాను. చూడలేదన్నాడు. ఇద్దరం వంగి చూశాం. వీపు మీద అక్షరాలు చెరిగిపోయాయి. మొదట 'ప' ఉంది, మధ్యలో ఒక ఒత్తు. పైన గాజుపలక తీస్తే, వేడినీళ్ళ గుడ్డ పెడితే విడుతుందేమో కనుక్కుంటానన్నాడు. నేను ఆ ఊరిపేరూ, నంబరూ జేబులో పుస్తకంలో రాసుకున్నాను. వేసవి సెలవుల్లో ఆ ఊరు వెళ్ళి రిజిస్టరు చూడాలి. ఆ నంబరుకి ఎదురుగా ఏ పేరుందో, దాన్ని ఎంతమంది తీసుకెళ్ళారో, ఆఖరుసారి ఏ తేదీన.